తల్లి ఒట్టి పొలమేనా?

బారసాలనాడు ఉయ్యాల చుట్టూ చేరినవాళ్ళ మాటలు ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? "ముక్కు అచ్చం మా అన్నయ్యదే" అంటుంది మేనత్త. "నుదురు మీ తాతగారిది" అంటుంది నాయనమ్మ. వేళ్ళు పెదనాన్నవి, రంగు చిన్నత్తది... ఇలా పంపకాలన్నీ అయిపోతూ ఉంటే, తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల మంచం మీద కూచుని నవ్వుతూ వింటూ ఉంటుంది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చిందంటే మాత్రం ఠక్కున "ఈ పేచీ అంతా తల్లిదే" అనేస్తారు!

సరదాకి అనుకునే మాటలే ఇవి. కాని ఈ సరదా వెనక రెండువేల ఏళ్ళకి పైబడిన తగవు ఒకటుంది. కడుపులో బిడ్డ ఎలా తయారవుతుంది? అందులో తల్లి వాటా ఎంత? ఈ తగవులో తత్వవేత్తలున్నారు, ఋషులున్నారు, రాజవైద్యులున్నారు, ఒక పాదిరీ కూడా ఉన్నాడు. నేను చదివింది బి.ఏ., అందులోనూ చరిత్ర. కప్పని కోయడం నాకు రాదు. అయితేనేం, తగవు అనేసరికి నవలలు రాసుకునేదానికి చెవులు నిక్కబొడుచుకోవూ! పట్టుకుని చదివాను. చదివింది మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు.

తగవు మొదలైంది కోడిగుడ్డు దగ్గర. గ్రీకు దేశంలో హిప్పోక్రాటిస్ పేరుతో చలామణీ అయిన ఒక వైద్యగ్రంథంలో ఒక సలహా ఉంది. ఇరవై గుడ్లు పొదగెయ్యండి, రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూడండి, పిల్ల ఎలా పెరుగుతోందో మీకే తెలుస్తుంది అని. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ ఆ పని ఓపిగ్గా చేశాడు. మూడు పగళ్ళూ మూడు రాత్రులూ గడిచాక తెల్లసొనలో ఒక నెత్తుటి చుక్క కనిపించిందిట. చుక్క కదులుతోంది, ఎగిరెగిరి పడుతోంది. అది గుండె. ఇంకా కళ్ళు లేవు, కాళ్ళు లేవు, కోడి అనడానికి ఏ గుర్తూ లేదు, గుండె మాత్రం కొట్టుకుంటోంది. అంటే అవయవాలన్నీ ఒక్కసారిగా పుట్టవు, ఒకదాని తరవాత ఒకటి ఏర్పడతాయని ఆయన తేల్చాడు. ఇది నిజమే. రెండువేల ఏళ్ళ తరవాత కూడా నిలబడిన మాట.

అక్కడితో ఆగితే ఎంత బావుండేది! ఆ మహానుభావుడు వాటాలు కూడా పంచాడు. బిడ్డకి రూపాన్నీ ప్రాణాన్నీ ఇచ్చేది తండ్రి, తల్లి ఇచ్చేది ఒట్టి పదార్థం అన్నాడు. తండ్రి వడ్రంగి, తల్లి కలప. ఇంకో పోలిక కూడా చెప్పాడు, అది మన వంటింటి పోలిక. పాలని విరిచి జున్నుగడ్డగా చేసే మందు ఉంటుంది చూడండి, తండ్రి అలాంటివాడుట, తల్లి పాలలాంటిదిట. మన భాషలో చెప్పాలంటే తోడు ఆయనది, పాలు ఆవిడవి. పెరుగు పేరు మాత్రం తోడుకే!

మనవాళ్ళు తక్కువ తిన్నారా? మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం అని ఉంది. రెండిట్లోకీ బీజమే ఘనమైనదనీ, పంట విత్తనాన్ని బట్టే వస్తుందనీ ఉంది. పొలం ఎవరిదైతేనేం, వరి చల్లితే వరి, నువ్వులు చల్లితే నువ్వులు. అయితే మన వైద్యులు మాత్రం శాస్త్రకారులకంటే కాస్త ధర్మంగా పంచారు. చరకుడు జుట్టు, గోళ్ళు, పళ్ళు, ఎముకలు తండ్రివన్నాడు. రక్తం, మాంసం, కొవ్వు, బొడ్డు తల్లివన్నాడు. అన్నిటినీ మించి గుండె కూడా తల్లిదే అన్నాడు. ఆ మాట చదివినప్పుడు చరకుడికి మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను.

సుశ్రుతుడి గ్రంథంలో ఇంకో చర్చ ఉంది. గర్భంలో ముందుగా ఏది పుడుతుంది? తల అన్నారొకరు. గుండె అన్నారింకొకరు. బొడ్డు అని ఒకరు, కాళ్ళూ చేతులూ అని మరొకరు. చివరికి ధన్వంతరి పేరున తీర్పు వస్తుంది: అన్నీ ఒక్కసారే పుడతాయి, మరీ చిన్నవి కనక కనిపించవు, అంతే. దానికి పోలిక మామిడిపండు. పండులో గుజ్జు, పీచు, టెంక వేరువేరుగా కనిపిస్తాయి. పిందెలో కనిపించవు, అంతమాత్రాన లేవనా?

ఎంత అందమైన పోలికో కదూ! కాని గమనించండి, ఇక్కడే దారి రెండుగా చీలింది. అన్నీ మొదట్నించీ ఉన్నాయి, పెద్దవవుతాయంతే అనేది ఒక దారి. మొదట ఏమీ లేదు, క్రమంగా ఏర్పడుతుంది అనేది రెండో దారి. ఈ రెండు దారులవాళ్ళూ ఆ తరవాత యూరపులో జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

ఇంగ్లండులో విలియం హార్వే అని గొప్ప వైద్యుడు. ఒంట్లో రక్తం ఎలా తిరుగుతుందో కనిపెట్టినవాడు, మొదటి చార్లెస్ రాజుకి వైద్యుడు. రాజుగారి వేటవనాల్లో లేళ్ళకి కొదవ లేదు. జత కట్టిన లేళ్ళని వేటాడి తెస్తే, హార్వే వాటి గర్భసంచులు తెరిచి చూశాడు. అరిస్టాటిల్ చెప్పినట్టయితే లోపల తోడుకుంటున్న ముద్ద ఏదో కనిపించాలి. వారాలు గడిచినా ఏమీ కనిపించలేదు! లేడికూన తొలిరూపం ఆ రోజుల్లో కంటికి ఆననంత సన్నం మరి. అయినా హార్వే 1651లో వేసిన పుస్తకంలో, ప్రాణులన్నీ అండం నించే వస్తాయని ధైర్యంగా చెప్పేశాడు. ఆడలేడి అండాన్ని మాత్రం ఆయన చూడలేదు.

తరవాత మైక్రోస్కోపులు వచ్చాయి. తగవు తీరుతుందనుకుంటే ఇంకా ముదిరింది. 1672లో హాలండు వైద్యుడు డి గ్రాఫ్ స్త్రీల అండకోశాల్లో బుడగల్లాంటివి చూపించి, బిడ్డకి మూలం ఇక్కడుందన్నాడు. అయిదేళ్ళకి, అదే దేశంలో, డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారం చేసే లీవెన్‌హుక్ పురుషుడి వీర్యంలో తోకలాడిస్తూ ఈదే కణాలని చూశాడు. ఇంకేం! పండితులు రెండు ముఠాలయ్యారు. బిడ్డ మొత్తం చిన్న బొమ్మలా తల్లి అండంలోనే ముడుచుకుని ఉందన్నారు ఒకరు. కాదు, తండ్రి కణంలో ఉందన్నారు ఇంకొకరు. 1694లో హార్ట్‌సూకర్ అనే ఆయన వీర్యకణం తలలో మోకాళ్ళు ముడుచుకు కూచున్న బుల్లి మనిషి బొమ్మ కూడా గీశాడు, ఇలా ఉండవచ్చు సుమా అని. ఇందులో ఒక చిక్కుంది. ఆ బుల్లి మనిషిలో వాడి పిల్లలుండాలి, ఆ పిల్లల్లో వాళ్ళ పిల్లలుండాలి. డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బా. సృష్టి మొదలైన నాడే మానవజాతి మొత్తాన్నీ ఒకదాన్లో ఒకటి సర్ది పెట్టేశాడన్నమాట దేవుడు!

పాదిరీ ఉన్నాడన్నాను కదా, ఆయన పేరు స్పల్లాంజానీ. ఇటలీ దేశస్థుడు. మగకప్ప పాత్ర ఏమిటో తేల్చడానికి మగకప్పలకి టఫెటా గుడ్డతో చిన్నచిన్న లాగూలు కుట్టించి తొడిగాడు. మీరు సరిగ్గానే చదివారు, లాగూలే! లాగూ తొడుక్కున్న కప్పలు ఎప్పటిలా జత కట్టాయిగాని, ఆ గుడ్లు మాత్రం పిల్లలు కాలేదు. లాగూలో చిక్కిన చుక్కని తీసి గుడ్లకి అంటిస్తే తోకకప్పలు వచ్చాయి. 1780లో ఇదంతా అచ్చువేశాడు. అంత చక్కటి ప్రయోగం చేసి కూడా, పిల్ల ముందే గుడ్డులో ఉందన్న నమ్మకం మాత్రం ఆయన వదులుకోలేదు. ముందుగా మనసులో పడ్డ అభిప్రాయం ఎంత గట్టిదో చూడండి.

ఈ డబ్బాల సిద్ధాంతాన్ని ఎదిరించినవాడు కాస్పర్ వుల్ఫ్ అనే జర్మన్ కుర్రాడు. 1759లో, పాతికేళ్ళ వయసులో, మళ్ళీ కోడిగుడ్డునే పట్టుకున్నాడు. తొలిరోజుల్లో గుడ్డులో పేగులు లేవు, చదునైన పల్చటి పొర ఉందంతే. ఆ పొర అంచులు వంగి, కలిసి, చాప చుట్టినట్టు గొట్టమై, పేగు అవుతోంది. ముందే ఉన్నది పెద్దదవడం కాదిది, లేనిది ఏర్పడడం. కాని పెద్దపండితులు ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు. బెర్లిన్‌లో ఉద్యోగం దొరక్క, 1767లో రష్యా వెళ్ళిపోయాడు. అరవై ఏళ్ళ తరవాత గాని ఆయన దారి రాజబాట కాలేదు.

ఆ రాజబాట వేసినవాడు కార్ల్ ఫాన్ బేర్. తల్లి అండాన్ని మొట్టమొదట కంటితో చూసినవాడు ఈయనే. 1827లో కోనిగ్స్‌బెర్గ్‌లో, తన పై ప్రొఫెసరు ఇంట్లో పెంచుకునే ఆడకుక్కని ఇస్తే, దాని అండకోశంలో పసుపుపచ్చటి చుక్క ఒకటి కనిపించింది. మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, పిడుగు పడ్డట్టు వెనక్కి తగ్గాడుట. ఆలోచించండి, కుక్కలు, ఆవులు, మనుషులు పుడుతూ ఉన్నది ఎప్పట్నించి? తల్లి ఇచ్చే అండాన్ని మగవాళ్ళ శాస్త్రం చూసింది 1827లో! మనిషి అండం కూడా మరీ కంటికి ఆననంతది కాదు. 0.1 మిల్లీమీటరు ఉంటుంది, ఈ వాక్యం చివరనున్న చుక్కకంటే కాస్త చిన్నది. ఒంట్లో ఉండే కణాల్లో పెద్దవాటిలో అదొకటి.

చివరికి 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ అనే ఆయన, ఒంటినిండా ముళ్ళుండే సీ అర్చిన్ అనే సముద్రప్రాణి గుడ్డులో అసలు సంగతి చూశాడు. మగకణం లోపలికి వెళ్ళాక అందులోని కేంద్రకం, గుడ్డులోని కేంద్రకం దగ్గరకొచ్చి ఒకటైపోయాయి. తోడూ లేదు, పాలూ లేదు. ఇద్దరిదీ విత్తనమే. చెరిసగం.

తగవు తీరిందనుకున్నారా? ఇంకా లేదు. విత్తనం ఒక్కటే కణం. అది రెండు, నాలుగు, ఎనిమిది అవుతూ బంతిలా తయారవుతుంది. ఆ బంతిలో అన్నీ ఒకేలాంటి కణాలు. అందులో కొన్ని వెన్నెముకవ్వాలనీ, కొన్ని చర్మమవ్వాలనీ ఎవరు చెబుతారు? 1891లో డ్రీష్ అనే ఆయన రెండు కణాల దశలో ఉన్న సీ అర్చిన్ పిండాన్ని గట్టిగా కుదిపి రెండుగా విడదీశాడు. సగం సగం పిల్లలు వస్తాయనుకుంటే, కాస్త చిన్నవైనా నిండైన పిల్లలు రెండు వచ్చాయి! అంటే ఏ కణం ఏమవుతుందో ముందే రాసిపెట్టి లేదు, ఇరుగుపొరుగుని బట్టి ఉంటుంది. అయితే ఆ ఇరుగుపొరుగులో పెద్దరికం ఎవరిది?

ఈ ప్రశ్నకి జవాబు చూపించింది ఒక అమ్మాయి. ఇంతసేపూ నేను చెప్పిన కథలో ఒక్క ఆడదాని పేరూ రాలేదని గమనించే ఉంటారు. ఇప్పుడొస్తోంది. హిల్డె ప్రోషోల్ట్. 1898లో జర్మనీలోని గోటా ఊళ్ళో పుట్టింది, సబ్బుల ఫాక్టరీ యజమాని కూతురు. హాన్స్ స్పేమన్ అనే ప్రొఫెసరు ఉపన్యాసం విని, ఆయన దగ్గర పరిశోధన చెయ్యాలని 1920లో ఫ్రైబుర్గ్ వచ్చింది. స్పేమన్ నీటిబల్లిలా ఉండే న్యూట్ అనే ప్రాణి గుడ్ల మీద పనిచేసేవాడు. పసిపాప మెత్తటి తలవెంట్రుకని ఉచ్చులా వేసి గుడ్డుని రెండుగా నొక్కిన మనిషి! మొదట ఆయన హిల్డెకి హైడ్రా అనే చిన్న జీవిని సంచీలా లోపలిది బయటికి తిరగెయ్యమని పని ఇచ్చాడు. అది ఎన్నిసార్లు చేసినా కాలేదు. అప్పుడు న్యూట్ పని ఇచ్చాడు.

1921 వసంతకాలం. న్యూట్ గుడ్లు దొరికేది ఆ కొద్ది నెలలే. బంతిలాంటి పిండం మీద ఒకచోట నెలవంకలా చిన్న నొక్కు పడుతుంది, అక్కణ్ణించి కణాలు లోపలికి దొర్లుతాయి. ఆ నొక్కు పైఅంచుని శాస్త్రజ్ఞులు పెదవి అంటారు. లేతరంగు న్యూట్ పిండం నించి ఆ పెదవి ముక్క కత్తిరించి, ముదురురంగు న్యూట్ పిండం పొట్టవైపు అతకాలి. పిండం మొత్తం ఒకటి రెండు మిల్లీమీటర్లు. సాధనాలు మంట మీద సాగదీసిన గాజుసూదులు, వెంట్రుక ఉచ్చులు. చీము పట్టకుండా కాపాడే మందులు అప్పటికి లేవు. చేసినవాటిలో చాలాభాగం చచ్చిపోయేవి. రెండు వసంతాల పాటు వందలకొద్దీ చేస్తే, చెప్పుకోదగ్గవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి.

ఆ మిగిలినవే చాలు! పొట్ట పక్కన ఇంకో పిల్ల మొలిచింది, అతుక్కుపుట్టిన కవలల్లా. దానికీ వెన్ను, వెన్నుపాము. అసలు వింత ఇంకా ఉంది. ఆ రెండో పిల్ల ఒంట్లో ఎక్కువభాగం కణాలు ముదురురంగువి. అంటే అతికించిన ముక్క తనే పెరిగి పిల్ల కాలేదు. పొట్ట చర్మం కావలసిన పక్కింటి కణాలని పిలిచి, "నువ్వు వెన్నుపామువి, నువ్వు కండవి" అని పనులు పురమాయించింది. పెళ్ళివారింట్లో పెద్దావిడ ఒకరు దిగితే ఏమవుతుంది? ఊసుపోక కూచున్నవాళ్ళందరికీ పని పడుతుంది. నువ్వు పూలు కట్టు, నువ్వు కూరలు తరుగు, నువ్వు పందిట్లోకి నడు. అదే ఇది. ఆ ముక్కకి ఆర్గనైజర్ అని పేరు పెట్టారు.

ఇంతలో 1921లోనే హిల్డె పెళ్ళయింది. స్పేమన్ దగ్గరే పనిచేసే ఓటో మాంగోల్ట్ ఆమె భర్త. 1923లో థీసిస్ ఇచ్చింది. కొడుకు పుట్టాడు. తోటి మగ విద్యార్థులు తమ థీసిస్‌లు తమ పేర్లతోనే అచ్చువేసుకున్నారు. హిల్డెది అచ్చుకి వెళ్ళేసరికి స్పేమన్ తన పేరు కూడా ఉండాలన్నాడు, అదీ ముందు. దానికి ఆమె నొచ్చుకుందని ఆమెతో కలిసి చదువుకున్న విక్టర్ హాంబర్గర్ 1988లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆలోచన స్పేమన్‌దే, ఇరవై ఏళ్ళ తపస్సూ ఆయనదే, కాదనను. కాని ఆ గాజుసూది పట్టుకున్న చెయ్యి ఎవరిదో మరిచిపోతే ఎలా?

1924లో భర్త ఉద్యోగం కోసం బెర్లిన్ వెళ్ళారు. ఆ ఏడే వ్యాసం అచ్చయింది. ఆ ఏడే, వంటింట్లో గాసొలీన్ పొయ్యి భగ్గుమని, హిల్డె ఒళ్ళంతా కాలిపోయింది. సెప్టెంబరు 4న పోయింది. ఇంకా ఇరవై ఆరు నిండలేదు. కిరసనాయిలు స్టవ్వుల రోజులు చూసినవాళ్ళకి ఆ భయం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

1935లో స్పేమన్‌కి నోబెల్ బహుమతి వచ్చింది, ఆ ఆర్గనైజర్ కనిపెట్టినందుకే. పోయినవాళ్ళకి నోబెల్ ఇవ్వరు. అయితే ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఆ ముక్కకి స్పేమన్-మాంగోల్ట్ ఆర్గనైజర్ అని ఇద్దరి పేర్లూ పెడుతున్నారు. అది పనులు పురమాయించే రసాయనాలు ఏమిటో 1990లలో ఒక్కొక్కటే బయటపడ్డాయి.

మన మొదటి తగవు మిగిలే ఉంది కదా, తల్లి వాటా ఎంత అన్నది. దాన్ని తిరగరాసినావిడ కూడా జర్మనీ ఆవిడే. క్రిస్టియానె న్యుస్లైన్ ఫోల్‌హార్ట్. అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలుంటాయి చూడండి, వాటి పిండాలు ఎలా ఏర్పడతాయో వెతికింది. ఎరిక్ వీషౌస్‌తో కలిసి చేసిన ఆ పనికి 1995లో నోబెల్ వచ్చింది. ఆవిడ ప్రయోగశాలలో 1988లో తేలిన సంగతి ఇది. ఈగ గుడ్డుని తయారుచేసేటప్పుడే తల్లి ఒక చివర చిన్న చీటీలాంటి రసాయనాన్ని పెడుతుంది, "తల ఇటువైపు" అని. తండ్రి కణం రాకముందే! ఆ చీటీ రాసే జీన్ తల్లిలో చెడిపోతే, తండ్రి ఎంత ఘనుడైనా సరే, పిల్లకి తల ఉండదు.

మనుషుల అండంలో అలా తలా తోకా రాసి ఉండవు. కాని మనలోనూ మొదటి రెండు మూడు రోజులు, కణం నాలుగో ఎనిమిదో అయ్యేదాకా, పిండం నడిచేది ముఖ్యంగా తల్లి అండంలో దాచిపెట్టిన సరుకుతోనే. బిడ్డ సొంత జీన్లు మేలుకునేది ఆ తరవాతే. జీన్లలో ఇద్దరిదీ చెరిసగమే, నిజమే. ఆ మేలుకునేలోపు ఇల్లు నడిపేది మాత్రం తల్లి.

విత్తనంలో సగమూ ఆమెదే, పొలమూ ఆమెదే, తొలి నీటితడీ ఆమెదే అని శాస్త్రం ఒప్పుకోవడానికి ఇన్ని వందల ఏళ్ళు పట్టింది. న్యుస్లైన్ ఫోల్‌హార్ట్ అక్కడితో ఊరుకోలేదు. 2004లో ఒక సంస్థ పెట్టింది. పసిబిడ్డలున్న యువ శాస్త్రవేత్త్రులకి అది నెలనెలా కొంత డబ్బిస్తుంది. మైక్రోస్కోపులకీ పుస్తకాలకీ కాదు. ఇల్లు ఊడ్చే మనిషికి, వంట చేసే మనిషికి, బిడ్డని కాసేపు ఎత్తుకునే మనిషికి. ఆ సంగతి చదివినప్పుడు నాకు హిల్డె వంటిల్లే కళ్ళ ముందు మెదిలింది.